శరత్తు తెచ్చే ఊరట

మన పెద్దలు సంవత్సరాన్ని ఆరు ఋతువులుగా విభజించారు. వాటిలో నాలుగవది శరదృతువు. ఆశ్వయుజ, కార్తిక మాసాలను శరత్తు అంటారు. ఇంగ్లీషు నెలల లెక్కలో ఇది ఇంచుమించు సెప్టెంబరు చివర మొదలై నవంబరు దాకా సాగుతుంది. వానలు వెనుకపట్టి, ఆకాశం తేటపడి, వెన్నెల తెల్లగా కాసే కాలమని కవులు దీనిని వర్ణించారు.

బెంగళూరు నగరంలోని బెళ్ళందూరు పిల్లలు ఈ వర్ణన చదివితే కొంత ఆశ్చర్యపోతారు. అక్కడ వానలు ఎక్కువగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. ఆ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. ఈ నెలల్లో తరచుగా పొద్దున ఎండ కాస్తుంది. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. బడి విడిచే వేళకు ఉరుములతో వాన పడుతుంది. చలిదేశాలలో శరత్తు అంటే ఆకులు పండి రాలే కాలం. మనకు ఆకు రాలే కాలం శిశిరం. మన శరత్తులో చెట్లు వాన నీరు తాగి పచ్చగా ఉంటాయి. కాబట్టి ఈ ఋతువు రాకను కన్ను కన్న ముందు ముక్కే గుర్తిస్తుంది.

బెళ్ళందూరు ఒకప్పుడు పెద్ద చెరువును ఆనుకొని ఉన్న పల్లె. ఇప్పుడు అక్కడ ఎత్తయిన భవనాలు, ఎడతెగని వాహనాలు కనిపిస్తాయి. పనుల కోసం వచ్చి చేరినవారిలో తెలుగు కుటుంబాలు అనేకం. ముసురు పట్టిన సాయంత్రాలలో, పొద్దు త్వరగా గుంకే ఈ రోజులలో, సొంత ఊరు మీదికి, అవ్వతాతల మీదికి మనసు పోవడం సహజం. అటువంటి దిగులుకు ఊరట ఎక్కడ దొరుకుతుంది? ఖర్చు లేకుండా దొరికే ఊరట కొంత మన చుట్టూనే ఉంది.

మొదటిది తడిసిన నేల వాసన. ఎండిన మట్టి మీద వాన పడగానే వచ్చే ఆ కమ్మని వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. మట్టిలో నివసించే ఒక రకం సూక్ష్మజీవులు తయారుచేసే 'జియోస్మిన్' అనే పదార్థం ఈ వాసనకు ఒక ముఖ్య కారణం. వానచినుకు నేలను తాకినప్పుడు దాని కింద చిన్న చిన్న గాలిబుడగలు చిక్కుకుంటాయి. అవి పైకి లేచి పగిలినప్పుడు వాసన గాలిలో కలుస్తుంది. అయితే సిమెంటు పరచిన చోట ఈ వాసన అంతగా రాదు. పిడికెడు మట్టి ఉన్నచోటనే నేల మనతో పలుకుతుంది.

రెండవది పారిజాతం. తెలుగులోను కన్నడంలోను దీని పేరు ఇంచుమించు ఒకటే. పొద్దు గుంకిన తర్వాత పూలు విచ్చుకుంటాయి. తెల్లవారేసరికి రాలి నేలను కప్పుతాయి. రేకులు తెలుపు, కాడ కాషాయం. ఆ కాడల నుంచి తీసిన రంగును పూర్వం బట్టలకు అద్దేవారు. నేల రాలిన పూలను సాధారణంగా పూజకు వాడరు. పారిజాతానికి మాత్రం ఆ నియమం లేదు. రాత్రి చెట్టు కింద శుభ్రమైన గుడ్డ పరచి, ఉదయాన్నే ఆ పూలను ఏరుకోవడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని.

శరత్తు ముదిరే కొద్దీ బెంగళూరు వీధులలో ఆకాశమల్లె పూస్తుంది. దీనినే కాడమల్లె అని కూడా అంటారు. కన్నడిగులు ఆకాశమల్లిగె అంటారు. చెట్టు చాలా పొడవుగా పెరుగుతుంది కాబట్టి పూలను కోయనక్కర లేదు, అవే రాలతాయి. పొడవైన కాడలను ఒకదానితో ఒకటి పెనవేసి, దారం లేకుండానే జడలాగా అల్లవచ్చు.

ఈ పూలు తెల్లగా ఎందుకు ఉంటాయి? రాత్రిపూట ఎందుకు పరిమళిస్తాయి? చీకటిలో ఎరుపు, నీలం వంటి రంగులు కనబడవు. తెలుపు కొంతవరకైనా కనబడుతుంది. పుప్పొడిని మోసే రాత్రి చిమ్మటలకు ఆ తెలుపు, ఆ వాసన దారి చూపుతాయి. అంటే మనకు హాయి కలిగించే పరిమళం నిజానికి ఒక చిన్న పురుగుకు చెట్టు పంపిన పిలుపు.

వాసనకూ జ్ఞాపకానికీ దగ్గర సంబంధం ఉంది. మన ముక్కులో వాసనలను పసిగట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉన్నాయి. ఇటువంటి గ్రాహకాలను కనుగొన్నందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనే శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. ముక్కు నుంచి బయలుదేరిన వార్త, మెదడులో జ్ఞాపకాలకు, భావాలకు సంబంధించిన భాగాలకు దగ్గర దారిన చేరుతుంది. అందువల్లనే ఒక్క పూవు వాసన తగలగానే, మరచిపోయామనుకొన్న పెరడు, అవ్వ ఇల్లు కళ్ళ ముందు నిలుస్తాయి.

మన పండుగలు కూడా ఈ పరిమళాలను వెంట తెస్తాయి. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. ముందురోజు రాత్రి ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకొంటారు. చేతులు ఎర్రగా పండడం ఒక సంతోషమైతే, తెల్లవారుజామున అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకోవడం మరొక సంతోషం. ఆయుధపూజనాడు బెంగళూరులో ఆటోలకు, బస్సులకు కూడా పూలదండలు వేస్తారు. మన చేమంతి అక్కడి సేవంతిగె. మన బంతి అక్కడి చెండుహూవు. పేరు మారినా వాసన మారదు.

ఈ కాలంలోనే కొత్త వేరుశనగ కాయలు వస్తాయి. వీటిని అనంతపురం, చిత్తూరు వైపు చెనక్కాయలంటారు, తెలంగాణలో పల్లీలంటారు, కన్నడంలో కడలెకాయి అంటారు. వాన కురిసే వేళ ఉప్పు వేసి ఉడికించిన కాయలను వేడివేడిగా ఒలుచుకొని తింటూ ఇంటిల్లిపాదీ కబుర్లు చెప్పుకోవడం చిన్న సుఖమే. కాని అటువంటివే చాలాకాలం గుర్తుంటాయి. కార్తికమాసం చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో ఈ కాయలకు ఒక జాతరే జరుగుతుంది. దాని పేరు కడలెకాయి పరిషె.

తెలంగాణలో తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, తొమ్మిది రోజులు ఆడి, చివరకు చెరువులో సాగనంపుతారు. పూల పండుగకు పూలు ఎంత అవసరమో, మంచినీటి చెరువు కూడా అంత అవసరం. ఇక్కడ బెళ్ళందూరు చెరువు కథ మనం తెలుసుకోవాలి.

ఈ చెరువు విస్తీర్ణం సుమారు 900 ఎకరాలు. బెంగళూరు చెరువులలో ఇదే పెద్దది. దీని నీరు వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి చేరుతుంది. మన అనంతపురం, కడప, నెల్లూరు సీమల మీదుగా పారే పెన్నా, ఈ దక్షిణ పినాకిని రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టాయి. నగరం పెరిగేకొద్దీ శుద్ధి చేయని మురుగునీరు చెరువులోకి చేరింది. అందులోని సబ్బు పదార్థాల వల్ల, వానలకు నీరు మరవ దాటి దూకినప్పుడల్లా తెల్లని నురుగు లేచి దారుల మీదికి ఎగిరేది. 2015, 2017, 2018 సంవత్సరాలలో ఆ చెరువులో మంటలు కూడా రేగాయి. నీటి మీద నిప్పు! కొత్తవాన వాసన రావలసిన చోట ముక్కు మూసుకొని నడవవలసి వచ్చింది. తరువాత 2020లో పూడిక తీసే పనులు మొదలయ్యాయి.

దీనివల్ల ఒక విషయం స్పష్టమవుతుంది. పరిమళం దానంతట అది నిలవదు. మట్టి, నీరు, చెట్టు బాగుంటేనే అది నిలుస్తుంది. ఊరట పొందే హక్కు మనకు ఉన్నట్లే, దానిని కాపాడే బాధ్యత కూడా మనకు ఉంది.

మీరు కూడా ఈ శరత్తులో ఒక పని చేయండి. ఇంటి ముందు చోటు ఉంటే పారిజాతం నాటండి. అది గింజతోనూ కొమ్మతోనూ పెరుగుతుంది. చోటు లేకపోతే బడి ఆవరణలో నాటండి. దారిలో కనిపించే ప్రతి పూలచెట్టు పేరును తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను అడిగి తెలుసుకోండి. పేరు తెలిసిన చెట్టు మనకు చుట్టమవుతుంది. చుట్టం ఉన్న ఊరు పరాయి ఊరు కాదు.