అంచనా తప్పా? పని తప్పా? – సేద్యపు ఖర్చులో తేడాను విడదీయు విధానము

పంట ఇంటికి చేరిన పిమ్మట లెక్క చూచుకొన్నప్పుడు, ముందు వేసిన అంచనాకంటె ఖర్చు మించినదని తెలియును. వెంటనే పొలము చూచినవానిమీద నింద పడును. అది ఎంతవరకు న్యాయము? మించిన సొమ్ములో అంచనాలోని లోపము ఎంత, పనిలోని లోపము ఎంత అని విడదీసి చూడనిదే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఉప్పల్, నాచారం ఒకప్పుడు పల్లెలు. నాచారంలో పారిశ్రామికవాడ వెలసినది. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో మహానగరములో కలిసినది. నేడు అచ్చట ఇండ్లే కాని పొలములు అరుదు. అయినను అచ్చట కాపురముండి ఉద్యోగము చేసికొనుచు, వరంగల్ రోడ్డున ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి వైపు ఉన్న భూమిని తమ్మునికో, బావమరిదికో, పాలేరుకో అప్పగించిన రైతులు ఉన్నారు. పెట్టుబడి ఒకరిది, పని మరొకరిది అయినచోట ఈ లెక్క మిక్కిలి అవసరము.

ఫ్యాక్టరీలలో ఒక వస్తువుకు ఎంత సరుకు పట్టును, ఎన్ని గంటల పని పట్టును, ఏ ధర పడును అని ముందే నిర్ణయింతురు. దీనిని ప్రామాణిక వ్యయము అందురు. అసలు ఖర్చు దీనికంటె మించినచో మేనేజరును అడుగుదురు. కాని ప్రమాణమే కాలము చెల్లినదైనచో మేనేజరు ఏమి చేయగలడు? కనుక తరువాత తెలిసిన పరిస్థితులనుబట్టి ప్రమాణమును సవరించి, ఆ సవరించిన ప్రమాణముతోనే పనిని పోల్చవలెనను పద్ధతి వచ్చినది. 1967లో జోయెల్ డెమ్‌స్కీ అను అమెరికా అకౌంటింగు పండితుడు ఇట్టి పోలికను ప్రతిపాదించెను. ఇది సేద్యమునకు కూడ చక్కగా పనికివచ్చును.

ఒక ఉదాహరణ చూతము. కూలి రేట్లు, కూలీల సంఖ్య, దిగుబడి లెక్క బోధపడుటకై మేము వేసికొన్నవి. అన్న నాచారంలో ఉన్నాడు. తమ్ముడు భువనగిరి వైపు రెండెకరముల వరి చూచుచున్నాడు. 2024 మే నెలలో అన్న నాట్లకు 20 మంది కూలీలు, ఒక్కొక్కరికి రూ. 400 చొప్పున రూ. 8,000 అని వ్రాసెను. తీరా 26 మంది పట్టిరి, రూ. 520 చొప్పున రూ. 13,520 అయినది. మించినది రూ. 5,520. తమ్ముడు డబ్బు పాడుచేసెనని అన్న అనుకొనెను.

ఇప్పుడు విచారింతము. నాట్లనాటికి ఊరంతట కూలి రూ. 500 నడిచినది. వాన ఆలస్యమై నారు ముదిరినది. ముదురు నారును కుదురుకు 4, 5 మొక్కల చొప్పున, కుదుళ్ళు దగ్గరగా నాటవలెను గనుక ఎవరికైనను 22 మంది పట్టుదురు. కాబట్టి సవరించిన ప్రమాణము రూ. 11,000.

అంచనా తేడా: 11,000 – 8,000 = రూ. 3,000.
పని తేడా: 13,520 – 11,000 = రూ. 2,520.

పని తేడాలో ఊరి రేటుకంటె రూ. 20 ఎక్కువ ఇచ్చుటవలన 26 మందికి రూ. 520. నలుగురు కూలీలు అధికముగా పట్టుటవలన రూ. 2,000. తమ్ముడు జవాబు చెప్పవలసినది ఈ రూ. 2,520కే గాని రూ. 5,520కి కాదు. మడి చదును కాలేదా? నారు పీకి సకాలమున అందించక కూలీలు గట్టుమీద కూర్చుండిరా? కారణము కనుగొన్నచో వచ్చే ఏడు దిద్దుకొనవచ్చును.

మిగిలిన రూ. 3,000 ఎవరిది? వాన ఎవరి చేతిలోను లేదు. కాని మే నెలలోనే ఊరిలో కూలి రూ. 450 నడచుచున్నచో, విచారింపక రూ. 400 వ్రాసిన అన్నయే ఆ మేరకు బాధ్యుడు. అంచనా వ్రాసినవాడు కూడ జవాబుదారియే.

దీనికి రెండవ ముఖము కూడ కలదు. లాభము కనిపించినంత మాత్రమున పని బాగున్నదనరాదు. 48 క్వింటాళ్ళు పండునని, సాధారణ రకము వడ్లకు అంతకుముందు ఏటి మద్దతు ధర రూ. 2,183 చొప్పున రూ. 1,04,784 వచ్చునని అన్న వ్రాసెను. జూన్‌లో ప్రభుత్వము ఆ ధరను రూ. 2,300 చేసినది. పండినది 46 క్వింటాళ్ళు. వచ్చినది రూ. 1,05,800. అంచనాకంటె రూ. 1,016 అధికమే. కాని ఇరుగుపొరుగు పొలములలో ఎకరమునకు 24 క్వింటాళ్ళు పండినవి. కొత్త ధరతో 48 క్వింటాళ్ళకు రూ. 1,10,400 రావలెను. ధర పెరుగుటవలన కలిసివచ్చినది రూ. 5,616. దిగుబడి తగ్గుటవలన పోయినది రూ. 4,600. సకాలమున కలుపు తీయకపోవుటవంటి నష్టమును ధర కప్పిపుచ్చినది.

ప్రమాణమును సవరించునప్పుడు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. ఊరంతటికి సంబంధించిన మార్పునే సవరణకు తీసికొనవలెను. కూలి రేటు, వాన, కరెంటు, ప్రభుత్వ ధర ఇట్టివి. మన పొలములో మాత్రమే జరిగినదానిని పనిలోనే చూపవలెను.
2. మార్పు వచ్చిన రోజుననే తేదీ వేసి పుస్తకములో వ్రాయవలెను. పంట పోయిన తరువాత వెదకిన కారణములు సాకులగును.
3. సవరణను ఇద్దరును కూర్చుండి ఒప్పుకొనవలెను. పొలము చూచువాడొక్కడే సవరించినచో ప్రతి తప్పు అంచనా మీదికి పోవును. పెట్టుబడిదారుడొక్కడే సవరించినచో ప్రతి తప్పు పనిమీదికి వచ్చును.

దీనికి ఒక నోటుపుస్తకము, పంటకు నాలుగైదు సాయంత్రములు చాలును. వచ్చే కారుకు అంచనా వ్రాయునప్పుడు ప్రక్కన రెండు గళ్ళు ఖాళీగా ఉంచుడు. ఒకటి సవరించిన అంచనాకు, రెండవది అసలు ఖర్చుకు. పంట చివర అన్నదమ్ములు ఆ మూడు గళ్ళను కలిసి చూచుకొన్నచో, నింద తగ్గి సేద్యము బాగుపడును.