తీగ తగలని కడ్డీలు

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో డాబాల మీద చేపముల్లులా నిలబడ్డ అల్యూమినియం యాంటెన్నాను దగ్గర నుంచి చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. అడ్డంగా ఎన్ని కడ్డీలు బిగించి ఉన్నా, టీవీకి వెళ్ళే తీగ వాటిలో ఒక్కదానికే ఉంటుంది. మిగిలినవాటికి ఏ తీగా తగలదు. అయినా బొమ్మ తేటపడేది వాటివల్లే. అద్దె గదిలో తెర మీది చుక్కలతో అవస్థపడినవాళ్ళకు ఆ కడ్డీలు చేసినంత మేలు మరే పరికరమూ చేయలేదని నా నమ్మకం.

వీటి పుట్టిల్లు జపాన్‌లోని సెండాయ్ నగరం. అక్కడి తొహొకు విశ్వవిద్యాలయంలో హిదెత్సుగు యాగి ఆచార్యులు, షింతారో ఉడా ఆయన దగ్గర పనిచేస్తున్న పరిశోధకుడు. 1920ల మధ్యలో కొన్ని మీటర్ల పొడవే ఉన్న రేడియో తరంగాలను ఒకే దిక్కుకు పంపడమెలా అన్నది వాళ్ళ ప్రశ్న. కడ్డీల పొడవు మారుస్తూ, వాటి మధ్య ఎడం మారుస్తూ ఓపిగ్గా కొలతలు తీసినవారు ఉడా.

తరంగం పొడవులో ఇంచుమించు సగం ఉన్న కడ్డీలో విద్యుత్తు బాగా ఊగుతుంది. తీగ కలిపేది దానికే. దాని వెనక ఐదు శాతం దాకా పొడవైన కడ్డీ ఒకటి, ముందర కాస్త పొట్టివి వరసగా పెడతారు. వచ్చిన తరంగం ఈ విడి కడ్డీల్లోనూ విద్యుత్తును ఊపుతుంది. అవి తమ వంతు తరంగాన్ని తిరిగి వెదజల్లుతాయి. పొడవైనదానిలో ఆ ఊపు కొంచెం ఆలస్యంగా, పొట్టిదానిలో కొంచెం ముందుగా వస్తుంది. ఆ తేడా వల్లే ముందు నుంచి వచ్చే తరంగానికి అన్నీ కలిసొస్తాయి, వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు కొట్టేస్తాయి. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. పని చేసేదల్లా కొలత ఒక్కటే.

1926లో ఉడా తన ఫలితాలను జపనీస్‌లో ప్రచురించారు. పేటెంటు యాగి పేరున వచ్చింది. 1928లో అమెరికా పత్రికలో ఇంగ్లీషు వ్యాసం రాసిందీ యాగీయే. అందులో ఉడా కృషిని ఆయన స్పష్టంగానే చెప్పారు. అయినా లోకం నోట మిగిలింది ఒక్క పేరే. సొంత దేశమూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కినప్పుడు దొరికిన బ్రిటిష్ రాడార్ కాగితాల్లో ‘యాగి’ అన్న మాట వాళ్ళకు బోధపడలేదట. అది మీ దేశస్థుడి పేరేనని ఒక యుద్ధఖైదీ చెప్పవలసి వచ్చింది.

ఉడాకు మన దేశంతో బంధం ఉంది. 1950లలో ఆయన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. ఆ దశాబ్దం ముగిసేలోగా, 1959లో, అదే ఢిల్లీలో మన తొలి టీవీ ప్రసారం మొదలైంది. హైదరాబాదులో కేంద్రం 1977లో వచ్చింది.

ఇక అద్దె గది. ఇంటివారు డాబా మీద గొట్టం నిలపడానికి ఒప్పుకోకపోతే దిక్కు టీవీ మీద పెట్టే రెండు కడ్డీల యాంటెన్నాయే. చాలామంది వాటిని చివరిదాకా లాగేవారు, పొడవు పెరిగితే బొమ్మ బాగుపడుతుందని. సెకనుకు 20 కోట్ల సార్లు ఊగే తరంగం పొడవు ఒకటిన్నర మీటరు. ఒక్కో కడ్డీకి అందులో నాలుగో వంతు, అంటే 37 సెంటీమీటర్లు చాలు. అంతకు మించి లాగితే నష్టమే. అదే కింది ఛానళ్ళకైతే డాబా మీది కడ్డీయే మూడు మీటర్లకు దగ్గరవుతుంది. అందుకే ఊరు మారినప్పుడు వెంట తెచ్చుకున్న యాంటెన్నా, ఎంత కొత్తదైనా, అక్కడి ఛానలుకు పనికిరాకపోవచ్చు.

అప్పట్లో బూస్టరు మీద జనానికి ఉన్న నమ్మకం నాకు లేదు. అది బొమ్మతోపాటు చుక్కల్నీ పెంచుతుంది. పెట్టి తీరాలంటే యాంటెన్నా దగ్గరే పెట్టాలి. పొడవాటి తీగలో నీరసించి దిగివచ్చాక టీవీ పక్కన పెంచితే పోయింది తిరిగిరాదు.

చుక్కలకన్నా మొండిది నీడ, మనిషి పక్కన మరో మసక మనిషి. ఎదుటి భవనానికో గుట్టకో తగిలి ఆలస్యంగా చేరిన తరంగమది. దాని దూరం తెర మీదే కొలవొచ్చు. బొమ్మను తెర మీద గీసే ఒక్కో అడ్డగీతలో కనబడే భాగానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది. తెర వెడల్పు 40 సెంటీమీటర్లయితే, నీడ రెండు సెంటీమీటర్లు జరిగిందంటే ఆ తరంగం సుమారు 780 మీటర్లు ఎక్కువ నడిచి వచ్చిందన్నమాట. ఉడా కడ్డీల అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. యాంటెన్నాను ప్రసార స్తంభానికి సూటిగా కాక కాస్త పక్కకు తిప్పి, ఆ భవనం ఉన్న దిక్కును అది వినని దిక్కుగా చేయాలి. అప్పుడు బొమ్మ బలం కొంచెం తగ్గినా నీడ పోతుంది.