బిల్లు డబ్బంతా ఆదాయం కాదు

మార్కాపురం చుట్టుపక్కల నేలలో పలకరాయి దొరుకుతుంది. బడిపిల్లల పలకలు ఇక్కడినుంచి ఎన్నో ఊళ్లకు పోయాయి. ఇళ్ల గోడలకు, నేలకు వేసే రాళ్లనూ ఇక్కడ కోస్తారు. ఈ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు చాలామంది పనిచేస్తారు. కొందరిది రోజుకూలి. కొందరు పనిని గుత్తకు తీసుకుంటారు. గుత్తపనికి నెల జీతం ఉండదు. పని పూర్తిచేసి బిల్లు ఇస్తే డబ్బు వస్తుంది.

వచ్చిన ఆ డబ్బంతా ఆదాయమేనా? కాదు.

ఒక లెక్క చూద్దాం

రాళ్లను చెక్కపెట్టెల్లో సర్దే పనిని ఒక మహిళ గుత్తకు తీసుకుందనుకుందాం.

బిల్లు 60,000 రూపాయలు.
తోటి ఆడవాళ్లకు ఇచ్చిన కూలి 36,000.
చెక్క, మేకులు, ఆటో బాడుగ 12,000.
మొత్తం ఖర్చు 48,000.
మిగిలింది 12,000.

ఆమె ఆదాయం ఈ 12,000 మాత్రమే. కాని బ్యాంకు పుస్తకంలో 60,000 వచ్చినట్టు ఉంటుంది. మిగతాది ఖర్చయిందని ఎవరు చెబుతారు? ఆమె రాసిన లెక్క చెబుతుంది. దాచిన రశీదులు చెబుతాయి.

పన్ను కోత

గుత్తపనికి కంపెనీ డబ్బు ఇచ్చేటప్పుడు ముందుగానే కొంత పన్ను పట్టుకుంటుంది. దీన్ని టీడీఎస్ అంటారు. ఒక్క బిల్లు 30,000 రూపాయలు దాటినా, ఏడాది బిల్లులన్నీ కలిపి లక్ష దాటినా ఈ కోత ఉంటుంది. ఒక మనిషి పేరున గుత్త ఉంటే నూటికి 1 రూపాయి. అంటే 60,000కు 600.

పాన్ కార్డు లేకపోతే నూటికి 20 రూపాయలు కోస్తారు. అప్పుడు 60,000కు 12,000 పోతుంది. అంటే ఆమెకు మిగలాల్సిన డబ్బంతా పోయినట్టే! పాన్‌ను ఆధార్‌తో కలపకపోయినా ఇదే ఇబ్బంది. అందుకే గుత్త ఒప్పుకోకముందే పాన్ సంగతి చూసుకోవాలి.

ఖర్చుల బిల్లు వేరు

కొన్నిచోట్ల ఖర్చులు కంపెనీయే తిరిగి ఇస్తుంది. అలాంటప్పుడు కూలిని, ఖర్చులను ఒకే బిల్లులో కలపకూడదు. కలిపితే మొత్తం మీద పన్ను పట్టుకుంటారు. బిల్లులోంచి ఖర్చులు తీసేసి పన్ను లెక్కకట్టడం కుదరదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1995లోనే చెప్పింది. అందుకని కూలికి ఒక బిల్లు, ఖర్చులకు ఇంకో బిల్లు రాయాలి. ఖర్చుల బిల్లుకు రశీదులు జతచేయాలి. ఏ ఖర్చు ఎవరిదో పని మొదలుపెట్టకముందే కాయితం మీద రాయించుకోవాలి. ఆ కాయితం చదివి, అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టాలి.

కోసిన డబ్బు తిరిగి వస్తుందా?

వస్తుంది. అందుకు ఆదాయపు పన్ను రిటర్ను వేయాలి. పన్ను లెక్కకు ఏడాది అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. ఆ ఏడాదిలో వచ్చినదంతా ఒకవైపు, ఖర్చంతా ఒకవైపు చూపాలి. కంపెనీ ఆటో బాడుగ 2,000 తిరిగి ఇచ్చిందనుకుందాం. ఆ 2,000 రాబడిలో రాయాలి. ఖర్చులోనూ రాయాలి. రాబడిలో దాచి, ఖర్చులో మాత్రం చూపిస్తే అది తప్పుడు లెక్క.

2025 ఏప్రిల్‌లో మొదలైన ఏడాది నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. కాబట్టి ఈ మహిళ కట్టాల్సిన పన్ను ఏమీ లేదు. కోసిన 600 ఆమెవే. రిటర్ను వేస్తే అవి ఆమె బ్యాంకు ఖాతాకు వస్తాయి. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. భయపడాల్సిన పని లేదు. గడువు ఎప్పుడో తెలుసుకుని ఆలోగా వేయాలి.

నోటుపుస్తకంలో ఏం రాయాలి?

తేదీ. ఎవరికి ఇచ్చారు. ఎందుకు ఇచ్చారు. ఎంత ఇచ్చారు. కూలి తీసుకున్నవాళ్ల సంతకం. అంగడి రశీదులు విడిగా ఒక సంచిలో పెట్టాలి.

పలక మీద రాసిన లెక్క చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. పుస్తకంలో రాసిన లెక్క ఏడాది తర్వాత కూడా మాట్లాడుతుంది.

చర్చించండి

1. మీ ఊళ్లో ఆడవాళ్లు ఏ పనులు గుత్తకు తీసుకుంటున్నారు?
2. పోయిన నెలలో మీ చేతికి ఎంత వచ్చింది? అందులో ఖర్చు ఎంత? మిగిలింది ఎంత?
3. మీ పాన్ ఆధార్‌తో కలిసి ఉందా?