ఏ తెరపైనైనా చదువ వీలయ్యే ఉత్తరం

తపాలాలో వచ్చే ఉత్తరంలో, పంపినవారు కాగితంపై ఏ మూల ఏది వ్రాశారో ఆ మూలనే అది కనిపిస్తుంది. ఈ-మెయిలు అట్లా కాదు. దానిలో ప్రయాణించేది పుట కాదు, పుటను ఎట్లా కట్టవలెనో చెప్పే సూచనల మూట. ఈ సూచనలను వ్రాసే భాషే హెచ్.టి.ఎమ్.ఎల్. వాటిని చదివి పుటను కట్టేది అందుకొన్నవారి మెయిలు ప్రోగ్రాము. పాళ్ళు ఒకటే చెప్పినా ఇద్దరు వండిన పులుసు ఒకటి కానట్లే, ఇక్కడా ఏ రెండు ప్రోగ్రాముల చేతివాటమూ ఒకటి కాదు.

పరీక్ష రుసుముకు గడువు తెలిపే ఉత్తరాన్ని 600 పిక్సెళ్ళ వెడల్పున, రెండు నిలువు వరుసలుగా కట్టి పంపారనుకొందాం. విద్యార్థి ఫోను వెడల్పు 360 పిక్సెళ్ళే. గడువు తేదీ ఉన్న కుడి వరుస తెర దాటిపోతుంది. లేదా పుటంతా కుదించుకొనిపోయి అక్షరాలు చీమలబారులా కనబడతాయి. తేదీని బొమ్మలో పెడితే మరీ ప్రమాదం. అనుమతి లేనిదే బొమ్మలను తెరవని ప్రోగ్రాములున్నవి.

తెర వెడల్పును బట్టి పుట రూపాన్ని మార్చే "మీడియా క్వెరీ" నియమాలు 2012లో వెబ్ ప్రమాణమైనవి. కాని జీ-మెయిలు 2016 వరకు వాటిని గుర్తించలేదు. ఇక విండోస్‌లోని ఔట్‌లుక్, 2007 కూర్పు నుంచి, పుటను కట్టే పనిని బ్రౌజరు నుంచి తప్పించి వర్డ్‌కు అప్పగించింది. దస్తావేజులు టైపు చేయటానికి పుట్టిన వర్డ్‌కు వెబ్ నియమాలు చాలా వరకు తెలియవు. వెబ్ పుటలు ఏనాడో వదిలిన పట్టికల పద్ధతి ఈ-మెయిలులో నిలిచిపోవటానికి ఇదొక ముఖ్య కారణం.

అందుచేత నిపుణులు మీడియా క్వెరీ లేకుండానే పనిచేసే ఉపాయమొకటి కనిపెట్టారు. ఉత్తరం వెడల్పు తెరలో నూటికి నూరుపాళ్ళు, కాని 600 పిక్సెళ్ళకు మించరాదు అని వ్రాస్తారు. లోపల 300 పిక్సెళ్ళ పెట్టెలు రెండు, వాక్యంలో మాటల వలె పక్కపక్కన ఉంచుతారు. కంప్యూటరు తెరపై రెండూ ఒకే వరుసలో ఇముడుతవి. ఫోనులో మొదటిది కూర్చున్నాక మిగిలేది 60 పిక్సెళ్ళే. చోటు చాలని మాట తరువాతి పంక్తికి జారినట్లు రెండవ పెట్టె కిందికి దిగుతుంది. గరిష్ఠ వెడల్పు నియమాన్ని పాటించని ఔట్‌లుక్ కోసం, అదొక్కటే చదివే ప్రత్యేక వ్యాఖ్యలో 600 పిక్సెళ్ళ పట్టిక దాచుతారు. తక్కినవి దానిని ఉత్త వ్యాఖ్యగా ఎంచి దాటిపోతవి.

తెలుగులో వ్రాసేవారికి ఇంకొక లెక్క ఉన్నది. ఉత్తరం సుమారు 102 కిలోబైట్లు మించితే జీ-మెయిలు దానిని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడటానికి లంకె ఇస్తుంది. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి 1 బైటు చాలు. తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి 3 కావాలి. "అమ్మ" అన్న చిన్న మాటలో అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు! గడువు తేదీ ఉత్తరం మొదటనే, అక్షరాలలోనే ఉండటం మేలు.

1992లో వెలువడిన మైమ్ ప్రమాణం ప్రకారం ఒకే ఉత్తరంలో ఒకే విషయానికి రెండు ప్రతులు పంపవచ్చు. ప్రోగ్రాము తాను చూపగలిగిన వాటిలో చివరిదానిని ఎన్నుకొంటుంది. కనుక ఏ అలంకారమూ లేని సాదా ప్రతిని ముందు, హెచ్.టి.ఎమ్.ఎల్. ప్రతిని వెనుక ఉంచుతారు.