ఒకే దుకాణంపై రెండు తీర్పులు!

అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కుమ్మరించనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. అభిప్రాయ సేకరణ జరిపేవారు చెప్పేదీ ఇదే. కోట్ల మందిని అడగలేం గనుక వెయ్యి మందిని అడిగి దేశమంతటి మాట చెబుతామంటారు. అయితే ఆ మెతుకు పట్టింది ఎవరు, కుండలో ఎక్కడ పట్టారు అన్నది ముందు తేలాలి. అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాలపై జరిగిన సర్వేలే ఇందుకు నిదర్శనం.

1962లో ఆర్కన్సా రాష్ట్రంలోని రోజర్స్ అనే చిన్న పట్టణంలో శామ్ వాల్టన్ తెరిచిన దుకాణంతో ఈ సంస్థ మొదలైంది. చౌక ధరలతో దేశమంతా పాకింది. సరుకు చవగ్గా దొరుకుతున్నదని కొనేవారు సంతోషించారు. చిన్న కొట్లు మూతపడుతున్నాయనీ, పనివారికి జీతాలు చాలడం లేదనీ కార్మిక సంఘాలు ఆరోపించాయి.

2005 డిసెంబరులో రెండు సర్వేల ఫలితాలు వెలువడ్డాయి. వాల్‌మార్ట్ వల్ల దేశానికి మేలే జరుగుతున్నదని ప్యూ పరిశోధన కేంద్రం సర్వేలో నూటికి 64 మంది అన్నారు. కీడే జరుగుతున్నదని జాగ్బీ సంస్థ సర్వేలో నూటికి 56 మంది అన్నారు. అంతలోనే జనం మనసు మారిందా?

అసలు తేడా ప్రశ్నలో ఉంది. జాగ్బీ చేత సర్వే చేయించింది కార్మిక సంఘం అండతో వాల్‌మార్ట్‌పై ఉద్యమం నడిపిన వర్గం. ధరలు తక్కువ, డబ్బు ఆదా కనుక మేలు అన్నది ఒక వాక్యం. ధరలు తక్కువే కావచ్చు గాని అందుకు దేశం పెద్ద మూల్యం చెల్లిస్తున్నదన్నది మరొకటి. ఏది ఒప్పుకుంటారని అడిగారు. చౌక వెనుక నష్టాన్ని గుర్తుచేసి అడిగితే జవాబు అటు మొగ్గడంలో వింత లేదు. ప్యూ సర్వేలో నూటికి 84 మంది ఆ ఏడాది అక్కడికి వెళ్లినవారే. కొన్న మనిషే కీడు అని కూడా అనవచ్చు.

లక్షల మందిని అడిగినా పొరపాటు తప్పదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు 'లిటరరీ డైజెస్ట్' పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి లాండన్ గెలుస్తాడన్నది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. పత్రిక చీటీలు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్న కలిగినవారి ఇళ్లకే వెళ్లాయి. అంటే పట్టినవన్నీ పైమెతుకులే!

2018లో ఫ్లిప్‌కార్ట్‌లో అధిక వాటా కొనడంతో వాల్‌మార్ట్ వ్యాపారం మన గ్రామాల గడప దాకా వచ్చింది. ఊరి కిరాణా కొట్టు ఉండాలా, చౌక సరుకు రావాలా అనే వాదులో రేపు ఎవరైనా అంకెలు చూపి "జనం మాట ఇదే" అనవచ్చు. సర్వేకు డబ్బు ఎవరిచ్చారు? ఎవరిని అడిగారు? ఏ మాటలతో అడిగారు? ఈ మూడూ తెలుసుకున్నాకే ఆ అంకెలను నమ్మడం మంచిది.