ఒక్కచోట మాత్రం ఇబ్బంది

‘పారడాక్స్ అంటే ఏమిటో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా రాయండి’ అన్నారు మా ఎడిటర్‌గారు. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి. జీనో తాబేలు, క్రీటు అబద్ధాలకోరు అంటూ నోట్సు నింపాను. తీరా ఒక ఉత్తరం చదివాక మిగతావేవీ కంటికి ఆనలేదు.

1902 జూన్ 16న ముప్పయ్యేళ్ల తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ ఇంగ్లండ్ నుంచి రాసిన ఉత్తరమది. జర్మనీలోని యేనాలో ఉన్న గణితవేత్త గొట్లోబ్ ఫ్రేగెకి, ఆయన భాషలోనే. మీ పుస్తకం తెలిసి ఏడాదిన్నరైంది, శ్రద్ధగా చదివే తీరిక ఇప్పటికి చిక్కింది, ముఖ్యమైన వాటన్నిటిలో నాదీ మీ మాటే అంటాడు. ఒక్కచోట మాత్రం ఇబ్బంది వచ్చిందంటాడు. దానికి పట్టింది కొన్ని వాక్యాలే. సంతకం కింద మరో ముక్క: గణితవేత్త పెయానోకీ రాశాను, జవాబు ఇంకా బాకీ ఉన్నాడని.

రస్సెల్ చెప్పింది సమితుల గురించి. నేను పుస్తకాల మీద చెబుతాను. లైబ్రరీలో జాబితా పుస్తకాలు బోలెడున్నాయి. కొన్నిటిలో వాటి పేరూ ఉంది, కొన్నిటిలో లేదు. తమ పేరు తమలో లేని జాబితాలన్నిటినీ, వాటిని మాత్రమే, కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి. లైబ్రేరియన్ అన్నీ రాసి, చేతిలో ఉన్న ఆ పుస్తకం దగ్గర ఆగుతాడు. దీని పేరు రాయాలా? రాస్తే తన పేరున్న పుస్తకమైపోతుంది, ఇక్కడ ఉండకూడదు. కొట్టేస్తే పేరు లేనిదవుతుంది, ఉండి తీరాలి. కాగితం మీద గళ్లు గీసి చూశాను. చివరి గడిలో రాసి కొట్టేసి, మళ్లీ రాసి, చిల్లు పడింది.

ఫ్రేగె అంకెల లెక్కంతా తర్కం మీదే నిలబెట్టాలని జీవితం ధారపోశాడు. ఏ షరతు చెప్పినా దానికో సమితి ఉంటుందన్నది ఆ కట్టడంలో ఒక పునాదిరాయి; ‘తమలో తాము లేని సమితులు’ అన్న షరతు దగ్గర అదే పగిలింది. ఆ పుస్తకం మొదటి సంపుటం 1893లో వచ్చింది, రెండోది అచ్చులో ఉంది. ఆరు రోజుల్లో జవాబు రాశాడు. నిర్ఘాంతపోయానని దాచలేదు. ఇది తర్కాన్ని ముందుకు నడిపించవచ్చనీ అన్నాడు. 1903లో వచ్చిన రెండో సంపుటం చివర అనుబంధంలో ఆ పగులును తనే చూపించాడు. ఈ ఉత్తరాల ప్రచురణకు అనుమతిస్తూ, 1962లో, తొంభయ్యో ఏట రస్సెల్ ఈ నిజాయితీకి సాటి తనకు తెలియదన్నాడు. నేనూ అదే అంటాను.

తరవాతి చరిత్ర క్లుప్తంగా: ఫ్రేగె వేసిన అతుకు నిలవలేదు. 1908లో రస్సెల్ సమితులకు అంతస్తులు కట్టాడు. అదే ఏడాది గణితవేత్త జెర్మెలో, ఉన్న సమితిలోంచే కొత్తది ఏరుకోవాలని నియమం పెట్టాడు.

విరోధాభాస సరిపోతుందా?

నిఘంటువులో పారడాక్స్‌కి ఎదురుగా ఉండే మాట ఇదే. బళ్లో అలంకారంగా చదువుకున్నాం: వినగానే విరుద్ధం, శ్లేష విడదీస్తే పరిహారం. జీనో తాబేలుకు ఈ మాట ఒప్పుతుంది, తర్కం ఏమన్నా పరుగు పందెంలో అకిలీజ్ దాన్ని దాటేస్తాడు కనక. ఫ్రేగె పుస్తకంలో విడదీయడానికి శ్లేష లేదు. అక్కడున్నది ఆభాస కాదు, విరోధమే.

క్రీటు అబద్ధాలకోరు చిక్కు మన దగ్గరా పాతదే: ‘నేను చెప్పేదంతా అబద్ధం’ అనే వాక్యాన్ని సంస్కృత వ్యాకరణవేత్త భర్తృహరి ‘వాక్యపదీయం’లో రస్సెల్ కంటే వెయ్యేళ్లకు పైగా ముందే పట్టుకున్నాడు. ఆ ‘అంతా’లోకి ఆ వాక్యాన్ని కలుపుకోవాలని చెప్పేవాడి ఉద్దేశం కాదన్నాడు.