ఆ మూడు మైళ్లు ఎవరివి?

మునిగిన ఓడ బ్రిటన్‌ది. ఆ పక్కనున్న తీరమూ బ్రిటన్‌దే. అయినా, జ్యూరీ దోషిగా తేల్చిన కెప్టెన్‌ని శిక్షించే హక్కు బ్రిటన్ కోర్టులకు లేకపోయింది!

1876 ఫిబ్రవరి 17. లండన్ నుంచి బొంబాయికి బయల్దేరిన ఆవిరి ఓడ 'స్ట్రాత్‌క్లైడ్'ని డోవర్ దగ్గర జర్మనీ ఓడ 'ఫ్రాంకోనియా' ఢీకొట్టింది. 38 మంది చనిపోయారు. ఒడ్డుకు మూడు మైళ్ల లోపే ఈ ఘోరం. ఫ్రాంకోనియా కెప్టెన్ ఫెర్డినాండ్ కైన్ మీద నరహత్య కేసు పెట్టారు. ఓడ విదేశానిది, తానూ విదేశీయుణ్ని, మీ కోర్టుకు నాతో పనేమిటన్నది ఆయన వాదన. 13 మంది న్యాయమూర్తులు విన్నారు. తీర్పు 7-6. పార్లమెంటు చట్టం చేయనిదే అలల మీద ఆ అధికారం కోర్టులకు రాదన్నారు. ఒక్క ఓటు తేడాతో కైన్ బయటపడ్డాడు.

గవర్నర్ ఊ అంటేనే...

బ్రిటన్ ఊరుకోలేదు. 1878లో ప్రాదేశిక జలాల చట్టం తెచ్చింది. ఆ అధికారం రాణిగారికి మొదటినుంచీ ఉందని పీఠికలోనే రాసుకుంది! ఒడ్డు నుంచి మూడు నాటికల్ మైళ్లలో, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లలో, నేరం చేసింది ఎవరైనా, ఓడ ఏ దేశానిదైనా విచారించవచ్చంది. వలసలకూ ఇదే వర్తించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన తెలుగు తీరమూ అలా దాని కిందికి వచ్చింది.

కాకపోతే ఓ మెలిక. విదేశీయుడిపై విచారణ మొదలెట్టాలంటే వలసల్లో గవర్నర్ అనుమతి కావాలి. విదేశీ ఓడ మీద కేసంటే ఆ దేశంతో తగవే. దాన్ని కింది అధికారులకు వదిలేయలేదన్నమాట.

పన్నెండు దాటితే?

స్వతంత్ర భారతం 1967లో ఈ హద్దును 12 నాటికల్ మైళ్లకు పెంచింది. చిక్కు మాత్రం తీరలేదు. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి 20.5 నాటికల్ మైళ్ల దూరంలో, ఇటలీ ఓడ 'ఎన్రికా లెక్సీ' మీదున్న ఆ దేశ నావికుల కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. కేరళ పోలీసులు కేసు పెట్టారు. విచారించే అధికారం రాష్ట్రానికి లేదు, కేంద్రానిదేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు తమ ప్రభుత్వ విధుల్లో ఉన్నారు కాబట్టి భారత కోర్టులు విచారించరాదు, పరిహారం మాత్రం ఇటలీ ఇవ్వాల్సిందేనని 2020లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ తేల్చింది.

ఇటలీ పది కోట్ల రూపాయలు చెల్లించింది. మృతుల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, పడవ యజమానికి రెండు కోట్లు. 2021లో మన దేశంలో కేసు మూతపడింది. 2022లో రోమ్‌లోనూ మూసేశారు. కాల్చింది నేరమా, పొరపాటా అన్న విచారణ ఏ కోర్టులోనూ పూర్తిగా జరగనే లేదు.